దుఃఖంలో ఉన్న మనిషి మీద చెయ్యి వేయడం: రేకి గురించి ఒక ధర్మసందేహం

మహాలయ పక్షం వీడియో తర్వాత ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో వచ్చింది. "అమ్మ పోయి మూడు నెలలైంది, నాన్నగారు నిద్రపోవట్లేదు, తెలిసినవాళ్ళు రేకి చేయించమంటున్నారు, చేయించొచ్చా?" అని ఒకరు అడిగారు. "హిందువులం కదా, జపాన్ పద్ధతి మనకెందుకు?" అని ఇంకొకరు. "సైన్స్ ప్రకారం అది ఉత్తిదే కదా, దుఃఖంలో ఉన్నవాళ్ళని అలా మభ్యపెట్టడం పాపం కాదా?" అని మరొకరు. మూడో ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఎందుకంటే అది రేకి గురించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, అసలు అడుగుతున్నది వేరు. నిజమో కాదో తేలని దాని నుంచి ఓదార్పు తీసుకోవచ్చా? ఇవ్వొచ్చా?

ముందు మన ఇళ్ళలో ఓదార్పు ఎలా జరుగుతుందో చూద్దాం. మన ఊళ్ళలో పొద్దున్నే మైకులో ఘంటసాల గారి భగవద్గీత వినపడితే ఎవరూ భక్తి కార్యక్రమం అనుకోరు. "ఎవరు పోయారు?" అని అడుగుతారు. ఆత్మకు చావు లేదు, పుట్టినవాడికి మరణం తప్పదు, దుఃఖించకు. మాట గొప్పదే. కానీ ఒక్క విషయం గమనించండి. కృష్ణుడు ఆ మాటలు చెప్పింది యుద్ధం మొదలవ్వకముందు, ఇంకా ఎవరూ పోకముందు, విల్లు పక్కన పెట్టేసిన ఒక యోధుడికి. పదమూడో రోజు సాయంత్రం సంశప్తకులతో పోరాడి శిబిరానికి తిరిగొచ్చిన అర్జునుడికి అభిమన్యుడు లేడని తెలిసినప్పుడు, పద్దెనిమిది అధ్యాయాలూ స్వయంగా విన్న ఆ మనిషే మామూలు తండ్రిలా విలపించాడు. కృష్ణుడు పక్కనే ఉండి ఓదార్చాల్సి వచ్చింది. గీత విన్నవాడు ఏడవకూడదు కదా అని వ్యాసుడు ఎక్కడా దెప్పలేదు.

మనం మాత్రం దెప్పుతాం. "ఏడవకు, ఏడిస్తే ఆయన ఆత్మకు శాంతి ఉండదు" అంటాం. ఈ మాటకు శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. బంధువుల కన్నీళ్ళు ప్రేతాన్ని బాధిస్తాయనే భావం యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది. అయితే అదే ప్రకరణంలో దానికి కాస్త ముందే ఇంకో మాట కూడా ఉంది. దహనం అయ్యాక స్నానం చేసి, తర్పణాలు వదిలి, ఒడ్డున మెత్తటి పచ్చిక మీద కూర్చున్న బంధువులకు పాత కథలు చెప్పి ఊరడించాలట. ఎక్కడ కూర్చోబెట్టాలో, కింద ఏముండాలో కూడా చెప్పింది స్మృతి. మనం కన్నీళ్ళ మాట గుర్తుపెట్టుకున్నాం, పచ్చిక సంగతి వదిలేశాం.

ఇప్పుడు రేకి దగ్గరికి. దీని చరిత్ర సగం వాట్సాప్ చరిత్రే కాబట్టి తెలిసినంతవరకు చెప్తాను. మికావో ఉసుయి అనే జపాన్ ఆయన (1865–1926) క్యోటో దగ్గర కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం చేసి ఈ పద్ధతి పొందాడని ఆయన శిష్యులు నమ్మారు. 1922లో టోక్యోలో నేర్పడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది, 1923 సెప్టెంబరు 1న, కాంటో భూకంపం వచ్చింది. టోక్యో, యోకోహామా కాలిపోయాయి. లక్ష మందికి పైగా చనిపోయారు. అప్పుడు ఉసుయి నగరంలో తిరుగుతూ బాధితులకు చికిత్స చేశాడని టోక్యోలోని సైహోజి గుడిలో 1927లో శిష్యులు నిలబెట్టిన స్మారక శిలమీద చెక్కి ఉంది. అంటే ఈ పద్ధతి పుట్టిన ఏడాదికే ఒక నగరం మొత్తం చావు ఇల్లయితే, ఆ మధ్యలో నిలబడాల్సి వచ్చింది.

దీన్ని జపాన్ బయటికి తెచ్చింది హవాయో తకాటా అనే ఆవిడ. హవాయి దీవుల్లో పుట్టిన జపనీయుల అమ్మాయి. 1930లో భర్త పోయాడు. ఇద్దరు చిన్న కూతుళ్ళు. ఐదేళ్ళు ఒంటిచేత్తో ఇల్లు లాక్కొచ్చి, ఒళ్ళు గుల్లయ్యి 1935లో జపాన్ వెళ్ళింది. అక్కడ ఆపరేషన్‌కు సిద్ధమై చివరి నిమిషంలో మనసు మార్చుకుని, ఉసుయి శిష్యుడైన చుజిరో హయాషి క్లినిక్‌లో రేకి చేయించుకుని కోలుకున్నానని ఆవిడ తర్వాత చెప్పుకుంది. వైద్యపరంగా అదెంతవరకు నిజమో పక్కన పెట్టండి. ఈరోజు అమెరికాలో, హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్న రేకి చాలావరకు ఒక వితంతువు చేతుల మీదుగా వచ్చింది. నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా ఆపింది ఇదే.

"రేకి మన వేదాల్లోదే" అనే వాదన కూడా వింటుంటాం. నాకు అది అనవసరం అనిపిస్తుంది. జపాన్ వాళ్ళది జపాన్ వాళ్ళదే అని ఒప్పుకుంటే మనకు పోయేదేమీ లేదు. అక్కడ 'కి', ఇక్కడ ప్రాణం అని పోలిక చెప్పుకోవచ్చు, అంతవరకే.

చేసేది చూస్తే చాలా చిన్న విషయం. మనిషి బట్టలతోనే పడుకుంటారు, లేదా కుర్చీలో కూర్చుంటారు. చేసేవాళ్ళు తల మీద, కళ్ళ మీద, గొంతు దగ్గర, గుండె దగ్గర, పొట్ట మీద చేతులు తేలిగ్గా ఆనించి, లేదా కొంచెం ఎత్తులో ఉంచి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు కదలకుండా ఉంటారు. మొత్తం గంట అటూ ఇటూగా. మాటలు ఉండవు. విశ్వశక్తి తమ చేతుల గుండా ప్రవహిస్తుందని వాళ్ళ నమ్మకం.

మా మేనత్త సంగతి చెప్తాను. మామయ్య పోయాక బావ ఆవిడను కాకినాడ నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాడు. అప్పటికి పెద్దకర్మ అయిపోయి వారం. పదో రోజు జరిగేవి మీకు తెలుసు. గాజులు, బొట్టు, పూలు. ఆ తతంగం గురించి ఇక్కడ వాదన పెట్టను, ఈమధ్య చాలా ఇళ్ళు వదిలేస్తున్నాయి, మంచిదే. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ పది రోజుల్లో ఒక ఆడమనిషి ఒంటి మీద చేతులు పడ్డ సందర్భం ఏది? ఏదో ఒకటి తీసేయడానికి. మిగతా టైమంతా మైల, దూరం, వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర పలకరించి ఇంటికెళ్ళి తలస్నానం చేయడం. కొందరైతే ఎదురుపడకూడదని ఆ గది వైపే రారు.

హైదరాబాద్‌లో ఎదురు ఫ్లాట్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంటారు. రేకి రెండు లెవెల్స్ నేర్చుకున్నారట. డబ్బులు తీసుకోరు. ఆవిడ నాలుగైదు మధ్యాహ్నాలు వచ్చి అత్తయ్యకు చేశారు. బావకు ఇష్టం లేదు. "అదంతా బోగస్‌రా, ప్లాసిబో" అన్నాడు నాతో. తప్పు పట్టను. ఆ నెలంతా వాడు డెత్ సర్టిఫికెట్, బ్యాంకు నామినీ, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు అంటూ తిరుగుతూనే ఉన్నాడు, వాడి దుఃఖం అలా బయటపడింది. అత్తయ్య మాత్రం మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయింది. నేను వెళ్ళినప్పుడు అడిగితే ఇలా చెప్పింది: "శక్తి గిక్తి నాకు తెలీదు నాన్నా. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయి. మీ మామయ్య పోయాక నన్ను ఊరికే ముట్టుకున్నది ఆవిడొక్కతే."

ఊరికే ముట్టుకోవడం. ఆ మాట విన్నాక నాకు స్త్రీపర్వం గుర్తొచ్చింది.

మన తెలుగు భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా తిక్కన గారిదే కాబట్టి స్త్రీపర్వమూ ఆయన చేతి మీదుగానే మనకు వచ్చింది. నేను చెప్పేది వ్యాస భారతంలోని ఘట్టం. నూరుగురు కొడుకులు పోయిన ధృతరాష్ట్రుడికి విదురుడు ఓదార్పు చెప్తాడు. మామూలు ఓదార్పు కాదు. పోగుచేసినవన్నీ తరిగిపోతాయి, కలిసినవాళ్ళు విడిపోతారు అని మొదలుపెట్టి, అడవిలో బావిలో తలకిందులుగా వేలాడుతూ తేనెచుక్కల కోసం నాలుక చాపే మనిషి కథ దాకా సంసారం మొత్తాన్ని విప్పి చూపిస్తాడు. వైరాగ్యం గురించి అంతకంటే బాగా చెప్పినవాళ్ళు తక్కువ. అదంతా విన్న ధృతరాష్ట్రుడు ఏం చేశాడు? స్పృహ తప్పి నేల మీద పడిపోయాడు.

అప్పుడు వ్యాసుడు, విదురుడు, సంజయుడు, ఇంకా నమ్మకమైన ద్వారపాలకులు ఏం చేశారో భారతం వివరంగా చెప్తుంది. చల్లటి నీళ్ళు చల్లారు. తాటాకు విసనకర్రలతో విసిరారు. చేతులతో ఒళ్ళు మెల్లగా నిమిరారు. చాలాసేపు అలాగే చేశారు. అక్కడున్నది వేదాలను విభజించిన వ్యాసుడు, నీతికి పేరైన విదురుడు. వాళ్ళ దగ్గర తత్త్వానికి కొరత లేదు. అయినా ఆ క్షణానికి కావాల్సింది చెయ్యి అని వాళ్ళకు తెలిసింది. స్పృహ వచ్చాక వ్యాసుడు మళ్ళీ మాట్లాడాడు, అప్పుడే ఆ మాటలు లోపలికి దిగాయి, ప్రాణాలు నిలుపుకుంటానని రాజు ఒప్పుకున్నాడు.

ఇంకొంచెం ముందుకెళ్తే అదే పర్వంలో ఇనుప భీముడి కథ వస్తుంది. అదే ధృతరాష్ట్రుడు భీముడిని కౌగిలించుకుంటానంటాడు, కృష్ణుడు ముందే పసిగట్టి ఇనుప బొమ్మను ముందుకు తోస్తాడు, ముసలాయన దాన్ని నుజ్జునుజ్జు చేసి తానూ రక్తం కక్కుకుంటాడు. దీన్ని పగ కథగానే చెప్పుకుంటాం మనం. నాకు ఇందులో దుఃఖం కూడా కనిపిస్తుంది. తత్త్వం విని తల ఊపిన మనిషి చేతుల్లో అది ఇంకా అలాగే ఉంది.

సరే, మరి ఆ మూడో ప్రశ్న? నిజమో కాదో?

ఇంజనీరింగ్ చదివినవాడిని కాబట్టి దీన్ని దాటేసి వెళ్ళలేను. చేతుల నుంచి కొలవదగిన ఒక ప్రత్యేక శక్తి ప్రవహిస్తుందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. 1998లో అమెరికాలో ఒక ప్రయోగం పేపర్ వచ్చింది. చేసింది ఎమిలీ రోసా, ప్రయోగం మొదలుపెట్టినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల. రేకికి దగ్గరి చుట్టం లాంటి 'థెరప్యూటిక్ టచ్' అనే పద్ధతి చేసే 21 మందిని అడ్డుతెర వెనకనుంచి చేతులు చాపమంది. వాళ్ళ రెండు చేతుల్లో ఏదో ఒకదాని మీద, ముట్టుకోకుండా, తన చెయ్యి ఉంచి, "ఏ చేతి దగ్గర నా శక్తి తెలుస్తోంది?" అని అడిగింది. 280 సార్లలో 123 సార్లు కరెక్ట్. అంటే 44 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం రావాలి. ఇక దిగులు, ఆందోళనలకు రేకి పనిచేస్తుందా అని 2015లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించి, పనిచేస్తుందని గానీ చెయ్యదని గానీ చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది.

ఇక్కడిదాకా బావ గెలిచినట్టే.

కానీ చెయ్యి సంగతి వేరు. 2006లో జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 16 మంది పెళ్ళైన ఆడవాళ్ళ మెదడు స్కాన్ తీస్తూ, చిన్న కరెంట్ షాక్ తగలబోతోందని ముందే చెప్పారు. ఒకసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని, ఒకసారి భర్త చెయ్యి పట్టుకుని. అపరిచితుడి చెయ్యి పట్టుకున్నా భయానికి మెదడు స్పందించడం కొంత తగ్గింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ఇంకా ఎక్కువ తగ్గింది. కాపురం ఎంత బాగుంటే అంత తగ్గింది. చిన్న ప్రయోగమే, దీనిమీద మేడలు కట్టకూడదు. అయినా మా అత్తయ్య విషయంలో నాకు దాని అర్థం ఒకటే: భయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తగ్గించే చెయ్యి ఏదో, పోయింది ఆ చెయ్యే. ఇప్పుడు మిగిలింది తర్వాతి వరుసలో ఉన్న చేతులు. ఎదురు ఫ్లాట్ టీచరమ్మ చేతులు ఆ వరుసలోవి.

మా ఆఫీసు భాషలో ఒక పోలిక చెప్పి వదిలేస్తాను. పాత ప్రాజెక్టుల్లో అప్పుడప్పుడు ఒక ఫంక్షన్ కనిపిస్తుంది. బాగానే పనిచేస్తుంటుంది. దాని పైన ఎవరో రాసిన కామెంట్ మాత్రం తప్పు, అది చేసేది ఒకటి, కామెంట్ చెప్పేది ఇంకొకటి. బుద్ధున్నవాడెవడూ కామెంట్ తప్పని ఫంక్షన్‌ను డిలీట్ చేయడు. అలాగని ఆ కామెంట్‌ను నమ్మి దానిమీద కొత్తగా ఏదో కట్టడమూ చేయడు. రేకిలో వెచ్చటి చెయ్యి ఉంది, గంటసేపు ఫోన్ పక్కనపెట్టి మన కోసం కూర్చున్న ఒక మనిషి ఉన్నారు, మాట్లాడాల్సిన అవసరం లేని మౌనం ఉంది. చావు ఇంట్లో ఈ మూడూ ఎంత అరుదో వెళ్ళొచ్చినవాళ్ళకు తెలుసు. విశ్వశక్తి అన్నది కామెంట్.

కాబట్టి తీసుకునేవాళ్ళ వైపు నుంచి నాకు ధర్మసంకటం ఏమీ కనపడదు. సిద్ధాంతం నమ్మకుండానే చెయ్యి తీసుకోవచ్చు. గుడిలో శఠగోపం పెట్టించుకునేటప్పుడు దాని తాత్త్వికార్థం ఎంతమందికి తెలుసు? తల వంచుతాం, ఆ చల్లదనం ఒక్క క్షణం తలమీద ఉంటుంది, ఏదో తేలికవుతుంది. చిక్కంతా ఇచ్చేవాళ్ళ వైపు ఉంది.

గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఉంది. ఎదుటివాళ్ళను కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ఇష్టంగా ఉండాలి, మేలు చేసేదై ఉండాలి. అన్నీ ఒకేసారి. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర మనం ఇష్టంగా ఉండేది పట్టుకుని నిజాన్ని వదిలేస్తుంటాం, మంచి ఉద్దేశంతోనే. ఈ కొలతతో రేకి చేసేవాళ్ళు అనే మాటలను కొలిచి చూడండి. "కాసేపు ఇలా పడుకోండి, కొందరికి నిద్ర పడుతుంది, మీకెలా ఉంటుందో చూద్దాం." ఇది నాలుగిటికీ నిలుస్తుంది. "నా చేతుల్లోంచి శక్తి వస్తుందని నేను నమ్ముతాను" అన్నా నిలుస్తుంది, అది ఆవిడ నమ్మకం అని చెప్పింది కాబట్టి. "మీ గుండె చక్రంలో దుఃఖం గడ్డకట్టుకుపోయింది, పది సిటింగ్స్ చేస్తే కరిగిపోతుంది" అన్న చోట నిజం జారిపోయింది. ఇక మా ఆఫీసులో ఒకతనికి ఎదురైంది వినండి. వాళ్ళమ్మ పోయిన నెలకు ఆన్‌లైన్‌లో ఎవరో దూర రేకి ప్యాకేజీ పేరుతో, "మీ అమ్మగారి ఆత్మ మీ దుఃఖానికి కట్టుబడి ఇక్కడే ఆగిపోయింది, 21 రోజులు దూరం నుంచి ఎనర్జీ పంపి విడిపిస్తాం" అన్నారట. అందులో నిజం లేదు, మేలు లేదు, ఇష్టంగానూ లేదు, కలవరం మాత్రం నిండా ఉంది. ఆ మాట విన్నాక అతను అమ్మ ఫొటో చూడ్డానికి కూడా భయపడ్డాడు. ఏడ్చినా తప్పు, తలుచుకున్నా తప్పు. కన్నకొడుకు ప్రేమనే కన్నతల్లికి సంకెల అని చెప్పి దాని మీద డబ్బు అడగడం కంటే హీనమైనది నాకు తట్టడం లేదు. ఈ పని రేకి పేరుతో చేస్తే ఎంత తప్పో, ప్రేతదోషం, పితృదోషం పేరుతో మన పద్ధతిలో చేసినా అంతే తప్పు. జపాన్ మాటలు వాడినవాళ్ళనే తిట్టి మనవాళ్ళను వదిలేస్తే అది న్యాయం కాదు.

డబ్బు తీసుకోవడం తప్పా అంటే, నా దృష్టిలో కాదు. గంట సమయానికి గంట వెల. పురోహితుడికి దక్షిణ ఇస్తాం. తకాటా గారే రేకి మాస్టర్ శిక్షణకు పదివేల డాలర్లు పెట్టారు, అప్పట్లో చాలా పెద్ద మొత్తం, దాని మీద విమర్శలూ ఉన్నాయి. అయితే దుఃఖంలో ఉన్న మనిషి బేరమాడే స్థితిలో ఉండరు. ఒకేసారి పది సిటింగ్స్‌కు ముందే కట్టమంటే ఆ నిర్ణయం ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి.

ఇంకో భయం నాకుంది, ఇది మోసం చేసేవాళ్ళ గురించి కాదు, మన గురించి. మన తరానికి అన్నీ బుక్ చేసుకోవడం అలవాటు. వంటకు ఒకరు, అస్థికల నిమజ్జనానికి ఒక సర్వీస్, తద్దినానికి ఆన్‌లైన్‌లో పంతులుగారు. బయట దేశంలో ఉండి సెలవు దొరకనివాళ్ళకు ఇవన్నీ ఆసరానే, ఎగతాళి చేయను. కానీ అమ్మ పక్కన కూర్చోవడానికి కూడా ఒకర్ని బుక్ చేసి "హమ్మయ్య, ఆ పని అయిపోయింది" అనుకుంటే? కోన్ ప్రయోగంలో అపరిచితుల చెయ్యి కూడా పనిచేసింది, నిజమే. సొంత మనిషి చెయ్యి ఎక్కువ పనిచేసిందన్నదీ అదే ప్రయోగం. టీచరమ్మ వచ్చే ఆ మధ్యాహ్నాల తర్వాత బావ ఒకరోజు రాత్రి అత్తయ్య కాళ్ళకు కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాడని అక్క చెప్పింది. వాడిని ఎవరూ అడగలేదు. దానికి వాడు పేరు కూడా పెట్టలేదు.

కొన్ని జాగ్రత్తలు, గబగబా. ఆప్తులు పోయిన రోజుల్లో ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం వస్తే "దుఃఖం కదా, రేకి చేయిద్దాం" అనుకోవద్దు. ముందు ఆసుపత్రి, ఈసీజీ. హఠాత్తుగా తగిలిన దుఃఖంతో గుండె కండరం నిజంగానే బలహీనపడే జబ్బు ఒకటుంది. దాన్ని మొదట గుర్తించి 'టాకోట్సుబో' అని పేరు పెట్టింది కూడా జపాన్ డాక్టర్లే, 1990 ప్రాంతంలో. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో ఎక్కువ. చూడ్డానికి గుండెపోటులాగే ఉంటుంది. అలాగే బీపీ, షుగరు, నిద్ర మందులు ఆపమని చెప్పే ఏ హీలర్‌నీ గుమ్మం దాటనివ్వకండి. నెలలు గడిచినా మనిషి తేరుకోకపోతే, లేదా "ఆయన దగ్గరికే పోతాను" లాంటి మాటలు వస్తే, అది చేతితో తగ్గేది కాదు. అలాంటి మాట వస్తే నెలలు ఆగక్కర్లేదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఫ్రీ, ఏ టైమ్‌లోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

చివరగా, ఇద్దరు ముగ్గురు అడిగిన ఒక సందేహం ఉండిపోయింది. మైల రోజుల్లో రేకి చేయించుకోవచ్చా? రేకి గురించి మన ధర్మశాస్త్రాలు చెప్పి ఉండే అవకాశమే లేదు కదా. మైలలో ఆపేది దేవతార్చన, శుభకార్యాలు, ఇతరులతో ముట్టు. జ్వరం వస్తే డాక్టర్ నాడి చూస్తారు, ముసలివాళ్ళు లేవలేకపోతే పట్టుకుని లేపుతాం, అక్కడ మైల ఎవరికీ గుర్తు రాదు. దీన్నీ అలాగే చూడొచ్చని నా అభిప్రాయం. పాటించే ఇల్లయితే మీ పురోహితుల్ని ఒక మాట అడగండి, ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది. వచ్చినవాళ్ళకు పట్టింపు ఉంటే వెళ్ళి స్నానం చేస్తారు, దానికి మీరు నొచ్చుకోనక్కర్లేదు. రేకి తెలిసినవాళ్ళు దొరకకపోతే, మైల పంచుకున్న దాయాదులు ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకు ఏ అభ్యంతరమూ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఫోన్లు పట్టుకుని హాల్లో కూర్చున్నప్పుడు, లోపల గదిలో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఎవరో మీకు తెలుసు.